వెళ్లింది చదువుకోడానికే, ఆదివారం తిరిగితే మీకేంటట?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కొద్దిరోజులుగా ఒకటే గోల. మా అమ్మాయి ఎమ్మెస్‌కని జర్మనీ వెళ్లి ఇంకా పూర్తిగా కుదురుకోనేలేదు, అప్పుడే ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక ఊరెళ్లి ఫోటోలు పెడుతోందట. "చదువుకోడానికి పంపారా, ఊళ్లు తిరగడానికి పంపారా వదినా?" అని ఒకావిడ. "లోను ఎవరు తీరుస్తారంట?" అని ఇంకొకాయన, వెనకాల ఒక నవ్వు బొమ్మ. నాకు ఫోన్ చేసి అడిగితే అక్కడే చెప్పి ఊరుకునేదాన్ని. అందరి ముందూ అడిగారు కాబట్టి నేనూ అందరికీ కనపడేలాగే రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపికుంటే చదవండి.

ముందు డబ్బు సంగతి చూద్దాం, మీ అసలు బాధ అక్కడే ఉంది కాబట్టి.

జర్మనీలో 2023 మే నుంచి ఒక నెల టికెట్ ఉంది. అది ఉంటే దేశమంతా మన ప్యాసింజర్లలాంటి రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఎక్కకూడదు. మొదట్లో 49 యూరోలుండేది, 2025లో 58 చేశారు, 2026 జనవరి నుంచి 63. స్టూడెంట్లకి ఇంకా తక్కువకే ఇస్తారు, చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులో కలిపేసి ముందే కట్టించుకుంటారు. మా అమ్మాయి దగ్గరా అలాగే కట్టించుకున్నారు. తను రైలెక్కినా ఆ డబ్బు పోయినట్టే, రూములో ముసుగుతన్ని పడుకున్నా పోయినట్టే. బస్ పాస్ తీసుకుని ఇంట్లో కూర్చునేవాణ్ని మన ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. ఇక తిండంటారా, పొద్దున్నే పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకెళ్తుంది. బయట ఒక కాఫీ తాగుతుందేమో. యూరో వంద రూపాయలు దాటి కూర్చున్నాక రెండో కాఫీ దానికి గొంతు దిగదు, మీరు చెప్పక్కర్లేదు.

"ఆ టైములో పార్ట్‌టైమ్ చేసుకోవచ్చుగా" అన్నవాళ్లకి. వీసా రావాలంటే బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటి తెరిచి ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. అందులోంచి నెలకి 992 చొప్పున వదులుతారు. వచ్చీ రాగానే పిల్లలు పని కోసం పరిగెత్తకుండా తిండికీ అద్దెకీ ఉండాలనే ఆ డబ్బు. పోనీ పని చేద్దామన్నా ముందు ఇల్లు దొరకాలి. చేరిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఆ అడ్రస్ రాయించుకోవాలి. ఆ తర్వాత ట్యాక్స్ నంబరు పోస్టులో ఇంటికొస్తుంది. అవును, పోస్టులోనే. అంత పెద్ద దేశంలో ఇంకా సగం పనులు ఉత్తరాల మీదే నడుస్తాయి, గుమ్మం దగ్గర పోస్టు డబ్బా మీద మన పేరు అంటించకపోతే ఆ ఉత్తరం వెనక్కెళ్లిపోతుంది. ఇదంతా ఒక కొలిక్కి వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో అక్కడికెళ్లిన ఏ పిల్లాణ్ని అడిగినా చెప్తాడు.

ఇంకో మాట. ఆదివారం అక్కడ దుకాణాలే తెరవరు. చట్టమే అంత. స్టేషన్లలో కొట్లు, హోటళ్లు, అలాంటివి కొన్ని తప్ప ఊరంతా మూత. శనివారం రాత్రికి పాలు, బియ్యం తెచ్చుకోకపోతే సోమవారం దాకా అంతే సంగతులు. గోడకి మేకు కొట్టినా పక్కింటివాళ్లు ఊరుకోరట, ఆదివారం చప్పుడు చేయకూడదు. కొత్తగా వెళ్లిన పిల్ల, భాష రాదు, నాలుగు గోడలు, బయట చప్పుడే లేని వీధి. బెజవాడ బీసెంట్ రోడ్డు రద్దీలో పెరిగిన పిల్లకి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మొదటి ఆదివారం ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏం చేస్తున్నావే" అంటే "ఊరికే కూర్చున్నా అమ్మా" అంది. ఆ గొంతు విన్నది నేను. మీరెవరూ వినలేదు. తర్వాత వారం ఏదో ఊరెళ్లి వచ్చి ఆపకుండా మాట్లాడింది, నేనే ఇక పెట్టేయవే అన్నాను.

పైగా అక్కడ అక్టోబర్లో కాస్త వెలుతురుంటుంది. ఆ నెల ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. ఫిబ్రవరిలో పరీక్షలు. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టు మూడుసార్లు తప్పితే కోర్సు నుంచే పంపేస్తారు, ఆ సంగతి దానికి మీకంటే బాగా తెలుసు. తిరిగితే ఈ మొదటి వారాల్లోనే తిరగాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మన బెజవాడకి పిల్లలు చదువుకోడానికే వస్తారు. ఒంగోలు నుంచి, ఏలూరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఇంటర్ హాస్టళ్లలో దింపిపోతారు. మన చుట్టాల పిల్లలే ఎంతమంది ఇక్కడ రెండేళ్లు చదివారు! తెల్లారకముందే లేపడం, రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతం పరీక్ష, నెలకో ఔటింగు, దానికో గేట్ పాస్. ఆదివారం ఏ హాస్టల్ ముందు చూసినా క్యారేజీలు పట్టుకుని గేటు బయట నిలబడ్డ అమ్మానాన్నలే. సరే, అదంతా ర్యాంకు కోసం అనుకుందాం. ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి. కొండని తొలిచి నాలుగు అంతస్తుల గుహ చేశారు, లోపల అంత పెద్ద అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. ఆటోలో ఎంతసేపు పడుతుంది? ఇక్కడ రెండేళ్లుండి అది చూడని పిల్లలు నాకు బోలెడుమంది తెలుసు. కొండపల్లి కోట అయితే అడగనే అక్కర్లేదు, బొమ్మలు మాత్రం అందరిళ్లలో షోకేసుల్లో ఉంటాయి.

ఇలా పెంచి, ఇరవై రెండేళ్లొచ్చాక ఒంటరిగా విమానమెక్కించి, అక్కడ ఇల్లు వెతుక్కో, ఆఫీసులకెళ్లు, బ్యాంకు ఖాతా తెరువు, పరాయి భాషలో మాట్లాడు అంటాం. అన్నీ ఒక్కసారే వచ్చేయాలి. కానీ పక్క ఊరికి రైల్లో వెళ్లొస్తే మాత్రం చెడిపోయినట్టు.

మా అమ్మాయి ఉండేది మాగ్డెబర్గ్‌లో. అక్కణ్నుంచి క్వెడ్లిన్‌బర్గ్ అని చిన్న ఊరుంది, చెక్క వాసాలు బయటికి కనపడే పాత ఇళ్లు వీధులకి వీధులు, 1994లో యునెస్కో జాబితాలో చేరింది. అది చూద్దామని బయల్దేరింది. మధ్యలో హాల్బర్‌స్టాట్ అనే స్టేషన్లో బండి రెండుగా విడిపోతుంది. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి. బండిలో చెప్పారు, కానీ జర్మన్‌లో. ఈవిడగారు చెవిలో పాటలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో తేలింది. దిగి చూస్తే స్టేషన్ పేరే వేరు. అక్కడ గోడకున్న టైమ్‌టేబుల్ వేలితో వెతుక్కుంటూ చదివి, వెనక్కి బండి ఎప్పుడో చూసుకుని, బెంచీ మీద కూర్చుని పులిహోర తిని, హాల్బర్‌స్టాట్ దాకా వెనక్కొచ్చి, అసలు బండి పట్టుకుని మధ్యాహ్నం దాటాక క్వెడ్లిన్‌బర్గ్ చేరింది. మాకు ఫోన్ చెయ్యలేదు. రాత్రి రూముకొచ్చాక చెప్పింది, అదీ నవ్వుతూ. ఇప్పుడు ఎక్కేముందు పెట్టె మీద రాసున్న ఊరి పేరు చూస్తోంది. ప్లాట్‌ఫామ్ మారిందని అనౌన్స్‌మెంటులో అంటే అర్థమవుతోంది, బండి రద్దయిందంటే అర్థమవుతోంది. ఆ మాటలు ఏ కోచింగులో నేర్పుతారో చెప్పండి, ఫీజు కట్టి చేర్పిస్తాను.

అసలు మా ఇంట్లో పండగ జరిగింది ఇంకో ట్రిప్పుకి. మాగ్డెబర్గ్ దగ్గర ఎల్బే నది మీదుగా ఒక కాలువ వెళ్తుంది. సరిగ్గానే చదివారు, నది మీద కాలువ. వంతెన కట్టి దాని మీద నీళ్లు పారిస్తున్నారు, ఆ నీళ్లలో సరుకు ఓడలు వెళ్తుంటాయి, కింద నది. 918 మీటర్ల పొడవు, 2003లో తెరిచారు. మావారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, ఆయనకి క్రికెట్ కంటే కాలువలంటే ఇష్టం. మా అమ్మాయి, ఇంకో ఇద్దరు తెనాలి పిల్లలు సైకిళ్ల మీద గట్టు వెంట అక్కడికి వెళ్లి వీడియో కాల్ చేశారు. ఈయన భోజనం మధ్యలో లేచిపోయి, ఎంగిలి చేత్తోనే ఫోన్ పట్టుకున్నారు. "ఆ పక్క గోడ చూపించమ్మా. కిందకి తిప్పు. అతుకు దగ్గర కారుతోందా?" నేను పక్కనుంచి పెరుగన్నం చల్లారిపోతోందని... పెరుగన్నం చల్లారడమేంటని తర్వాత నాకే నవ్వొచ్చింది, ఆ హడావుడి అలాంటిది.

ఇంతలో ఒక ఓడ వచ్చింది. ఆయన అడిగారు: "ఓడ ఎక్కితే వంతెన మీద బరువు పెరుగుతుందా?" ఎంసెట్‌లో ఫిజిక్స్ బాగా చేసిన పిల్ల, టక్కున పెరుగుతుంది అంది. పక్కనున్న తెనాలి పిల్ల "ఆగవే" అంది. ముగ్గురూ గట్టు మీద నిలబడి కాసేపు వాదించుకున్నారు. తర్వాత తనే అంది, ఓడ ఎంత బరువుంటే అంత బరువు నీళ్లు పక్కకి జరుగుతాయి కదా నాన్నా, వంతెనకి తేడా తెలీదు అని. ఆర్కిమెడీస్ సూత్రం మీద అది ఎన్ని బిట్లు చేసుంటుందో లెక్కలేదు. ఓడ కళ్ల ముందు కదుల్తుంటే చెప్పింది మాత్రం ఆ రోజే.

ఆ కట్టడం కథ కూడా మావారే చెప్పారు. 1930ల్లో పని మొదలుపెట్టి, యుద్ధం వల్ల 1942లో ఆపేసి, తర్వాత దేశమే రెండు ముక్కలై, మళ్లీ ఒకటయ్యాక 90ల్లో ఎత్తుకుని పూర్తిచేశారట. "మన ప్రాజెక్టులే లేటనుకుంటాం" అని ఆయనకి ఒక తృప్తి. కోనసీమలో పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాటన్ కాలంలోనే ఇలా కాలువ దాటించారనీ (మన విమానాశ్రయం గన్నవరం కాదు, అది వేరే), వచ్చాక అక్కడికి తీసుకెళ్తాననీ దానికి మాటిచ్చారు. మూడు కాలువల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, కాలువల గురించి నాన్నతో గంట మాట్లాడింది. బందరు కాలువ పక్కనుంచి స్కూలుకెళ్లిన రోజుల్లో ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ మాగ్డెబర్గ్‌లోనే, 1650ల్లో ఊరి మేయరుగా ఉన్న ఓటో ఫాన్ గెరికే రెండు రాగి అర్ధగోళాలు కలిపి లోపల గాలి తీసేసి, అటూ ఇటూ గుర్రాలు కట్టి లాగించినా విడిపోలేదని చూపించాడు. స్కూలు పుస్తకంలో బొమ్మ మీరూ చూసే ఉంటారు. అక్కడి యూనివర్సిటీకి ఆయన పేరే. మన పిల్లలు ఆ పేరు చదివి, మార్కులు తెచ్చుకుని, ఆ ఊళ్లోనే ఉంటూ ఆదివారం రూములో వెబ్ సిరీస్ చూడాలన్నమాట మీ లెక్కన.

ఏమాటకామాట, శృతి మించేవాళ్లూ ఉన్నారు. క్లాసులు మొదలైనా పట్టించుకోకుండా, క్రెడిట్ కార్డు మీద విమానం టికెట్లు కొని వారానికో దేశం తిరిగి, నెలాఖరుకి ఇంటికి ఫోన్ చేసి డబ్బులడిగే పిల్లల గురించి నేను మాట్లాడటం లేదు. వాళ్లని వాళ్ల అమ్మానాన్నలు చూసుకుంటారు. పొద్దున వెళ్లి రాత్రికి రూముకొచ్చి, సోమవారం ల్యాబ్‌లో ఉండే పిల్ల గురించి చెప్తున్నాను.

ఇంకొకటి, మీరెవరూ పైకి అనని మాట. అమెరికాలో ఉన్న మన అబ్బాయి చేరిన కొత్తల్లోనే నయాగరా ముందు నిలబడి ఫోటో పెడితే "సూపర్ రా అల్లుడూ", "ఎంజాయ్" అన్నది ఈ గ్రూపే. అప్పుడు లోను గుర్తురాలేదు. వాడికీ లోనుంది, ఇంకా పెద్దది. ఆడపిల్ల బెంచీ మీద కూర్చుని పులిహోర తింటున్న ఫోటోకి మాత్రం వడ్డీ లెక్కలు.

భయమంటారా, నాకు లేదనుకోకండి. అందుకే మేం మాట్లాడుకుని కొన్ని పెట్టుకున్నాం. లొకేషన్ షేర్ చేసే ఉంచాలి. ఆఖరి బండి దాకా ఆగకుండా దాని ముందు బండికే బయల్దేరాలి. అక్కడ రైళ్లు మనం అనుకున్నంత టైముకేం రావు. టికెట్ ఫోన్లోనే ఉంటుంది, చెకింగ్‌లో చూపించలేకపోతే 60 యూరోల ఫైన్ రాస్తారు కాబట్టి పవర్ బ్యాంకు లేకుండా గడప దాటకూడదు. క్లాసు ఎగ్గొట్టి వెళ్లకూడదు. దానికి మించి నేనూ అడగను.

ఈ ఆదివారం విట్టెన్‌బర్గ్ అనే ఊరికి వెళ్తోంది. ఫోటోలు గ్రూపులో పెట్టొద్దని నేను చెప్పను, పెట్టమనే చెప్పాను. ఎవరికైనా ఇంకా ప్రశ్నలుంటే నాకు ఫోన్ చెయ్యండి. దాన్ని కదిలించకండి, వారమంతా దానికి ల్యాబ్ రిపోర్టులున్నాయి.