నలభై చొక్కాలు, సున్నా బ్యాటరీలు

కడప జిల్లా సిద్దవటం పక్క, ఒక వన్యప్రాణి చారిటీ కోసం అడవిలో కెమెరాలు కట్టి ఉచ్చులు ఏరే మావోళ్ల కొట్టానికి పొద్దున ఆ చారిటీ నుంచి ఒక అట్టపెట్టె దిగింది. ఏమేమి కావల్లో నెలన్నర కింద రాసిచ్చిన ఇండెంటుకు వచ్చిన సరుకంట. ఇండెంటులో ఏముండాదో ముందు వినండి: ఏఏ సైజు ఆల్కలైన్ బ్యాటరీలు 160, మెమరీ కార్డులు 20, కాళ్లకు మోకాలి దాకా పాము తొడుగులు 8 జతలు, సన్నమట్టి పట్టే జల్లెడ ఒకటి. పెట్టెలో ఏముండాదో ఇప్పుడు వినండి: టీషర్టులు 40. నిమ్మపండు పసుపు. వీపు మీద జానెడేసి అక్షరాలతో ‘కమ్యూనిటీ రేంజర్’. అడుగున మడిచిపెట్టిన బ్యానరు. ఆ చొక్కాలు తొడుక్కోని, ఆ బ్యానరు పట్టుకోని, సాయంత్రం లోపల ఫోటో పంపల్లంట.

ఉండే మనుషులు ఎనిమిదిమంది. ఒక్కొక్కరికి అయిదు చొక్కాలు. పెండ్లికి కూడా అన్ని పెట్టరు.

నిమ్మపండు పసుపు ఎవురు ఎంచినారో గానీ ఆ మహానుభావునికి ఒక దండం. రాత్రిపూట తప్ప బయటికి రాని కలివికోడి కోసం, అలికిడైతే పొదలోకి జారుకునే ఆ పిట్ట కోసం తిరిగే మనుషులకు ఆ రంగు! అదీ పాలిస్టరు. మే నెలలో కడపలో 43 డిగ్రీల ఎండలో పాలిస్టరు చొక్కా తొడిగి లంకమల అడవి అంచున రెండు కిలోమీటర్లు నడిచి చూపించమనండి, ఆ డిజైన్ చేసినాయన్ని.

బ్యాటరీలదేముందిలే, అంగట్లో కొనుక్కోండి అంటారు. అన్నారు కూడా. సరే, ముందర జంతువు కదిలితే తనంతకు తానే ఫోటో తీసే కెమెరాలు ఇవి, ఒక కెమెరాకు ఎనిమిది. ఇరవై కెమెరాలకు 160. అంగట్లో పది రూపాయల బ్యాటరీ వేస్తే వారం తిరక్కుండానే చస్తాది. చార్జింగువి వేసుకోండని ఇంకో సలహా. అవి 1.2 వోల్టులు, ఆల్కలైన్ 1.5. ఎనిమిది కలిపితే 12 రావల్సిన చోట 9.6 వస్తాది. అంత తక్కువకు ఒప్పుకోని కెమెరాల్లో పగలు ఫోటో బాగానే పడి, రాత్రి ఫ్లాష్ మాత్రం గుడ్డిదైపోతాది. మనకు కావల్సింది రాత్రే గదా సామీ! ఇంగ చార్జి పూర్తిగా పడిపోతే కొన్ని మోడళ్లలో గడియారం మొదటికొస్తాది. మళ్లీ బ్యాటరీలు వేసినోడు తేదీ సరిచేయడం మరిచిపోతే, నెల పొడుగునా పడిన ఫోటోలన్నిటి మీదా ఎప్పటిదో జనవరి ఒకటో తేదీ. తేదీ లేని చిరుత ఫోటో ఫేసుబుక్కులో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. పై సార్లకు కావల్సింది అదేనేమో, నాకు తెలీదు.

కెమెరా అంటే చెట్టుకు కట్టి వచ్చేయడమే అనుకుంటారు శానామంది. ఇక్కడ చెట్టేది? నడుమెత్తు రేగుకంప, కలివి పొదలు, తుమ్మ. కడ్డీ పాతల్ల, అది కదలకుండా చుట్టూ రాళ్లు దిమ్మించల్ల. చిరుతకైతే మోకాలెత్తు, దారికి మూడు నాలుగు మీటర్ల దూరం, రెండు పక్కలా ఒక్కొక్కటి. ఎందుకు రెండంటే ఎడమ పక్క మచ్చలూ కుడి పక్క మచ్చలూ ఒకటి కావు, ఒక పక్క ఫోటోతో ఇది నిన్నటి చిరుతేనా అని ఎవురూ తేల్చలేరు. రెండూ సూటిగా ఎదురెదురు పెడితే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో కొడ్తాది, రోంత పక్కకు జరపల్ల. మూతి ఉత్తరానికో దక్షిణానికో ఉండల్ల, తూర్పుకు పెడితే పొద్దున్నే సూర్యుని ఫోటోలు వస్తాయి. ముందర గడ్డి నున్నగా కోయల్ల. ఒక్క పోచ ఎండలో ఊగితే చాలు, మధ్యాహ్నానికి కార్డు నిండా ఖాళీ ఫోటోలే. ఇన్ని చేసినా మన ఎండాకాలం దాని సెన్సరుకు పడదు. అది చూసేది ఒంటి వేడికీ వెనక ఉండే బండ వేడికీ ఉన్న తేడా. బయటే ఒంటి వేడంత ఉంటే, ముందర దుప్పి నిలబడినా దానికి కనపడదు. ‘పగలు జంతువులేమీ తిరగలేదు’ అని రిపోర్టులో రాసేస్తారు. తిరిగినాయి నాయనా, మీ పెట్టె చూడలేదు, అంతే.

ఇంగ ఆ వీపు మీది మాట. రేంజరు! ఫారెస్టు డిపార్టుమెంటులో రేంజ్ ఆఫీసరంటే ఒక హోదా, ఒక సంతకం, ఒక జీపు. ఈ రేంజరుకు ఏముండాది? 1972 వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ కింద పట్టుకోను, సోదా చేయను, జప్తు చేయను అధికారం ఉండేది అటవీ అధికారులకు, ఎస్సై హోదాకు తగ్గని పోలీసులకు. చారిటీ మనిషికి చెయ్యెత్తి ఆపే హక్కు కూడా లేదు. కానీ వీపు మీద రాసి అడవిలోకి పంపుతారు. ఊరోళ్లు చూసి ఫారెస్టోడు అనుకుంటారు, ఫారెస్టోళ్లు చూసి కూలోడు అనుకుంటారు, ఎర్రచందనం దుంగలు మోసేటోళ్లు చూసి ఇన్‌ఫార్మరు అనుకుంటారు. ముగ్గురిలో ఎవురి అపోహ ప్రమాదమో విడమర్చి చెప్పాల్నా? పాలకొండల్లో, లంకమలలో రాత్రిపూట తిరిగే మనిషికి వీపు మీద ఆ అక్షరాలు గురిచూసి కొట్టమని గీసిచ్చిన గీత మాదిరి.

అధికారం లేకపోయినా పని మాత్రం ఉండాది, అది ఉచ్చులు ఏరడం. ఉచ్చంటే పెద్ద యంత్రమేం కాదు, మోటారు సైకిలు క్లచ్ వైరు. మెకానిక్ అంగడి బయట కుప్పలుగా పడి ఉంటాది. ఒక కొసన ముడి, రెండో కొస దాంట్లో దూర్చి వలయం, మొదలు గుంజకు కట్టు. కుందేలుకైతే జానెడు ఎత్తు, పందికి మోకాలెత్తు. పెట్టేది శెనక్కాయ చేను చుట్టూ కంపలో పంది దూరే సందుల్లో. వంకలోకి దిగే ఒంటి దారుల్లో కూడా. అందుకే వెతికేటప్పుడు తలెత్తుకోని నడిస్తే ఒక్కటీ దొరకదు. అయిదారు మీటర్ల ఎడంతో వరసగా, వంగి, ఎండకు ఎదురుగా నడవల్ల. వైరు తళుక్కుమంటాది. దొరకంగానే పీకేయకూడదు. ఫోటో, లొకేషన్, తేదీ, ఆమీదట ఫారెస్టు బీటాఫీసరుకు ఫోను. ముందే పీకేస్తే కేసుకు సాక్ష్యం పోతాది. ఒకటి దొరికితే దగ్గర్లో ఇంకొన్ని ఉంటాయని అనుకోవల్ల, ఒక్కటే పెట్టి పోయేటోడు తక్కువ.

అదే సందులో చిరుత దూరితే వలయం శానాసార్లు మెడకు కాదు, నడుముకు పడ్తాది. లాగే కొద్దీ బిగుస్తాది, వదులు కాదు. పైకి గాయం చిన్నగా కనపడ్తాది, లోపల పేగులు, కిడ్నీలు నలిగిపోయి ఉంటాయి. ఆ టయానికి ఊరంతా ఫోన్లు పట్టుకోని చుట్టూ చేరి ఉంటాది. జనాన్ని చూసి అది ఇంకా గింజుకుంటాది, ఇంకా బిగుస్తాది. మత్తు సూది వేసే డాక్టరు చాలాసార్లు తిరుపతి జూ నుంచి రావల్ల. కళ్యాణదుర్గం గుట్టలకు తిరుపతి నుంచి ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి. ఆ లోపల చేయగలిగింది ఒకటే, జనాన్ని వంద మీటర్లు వెనక్కి తోయడం, గోల ఆపడం. దానికి తాడు కావల్ల, మైకు కావల్ల, గట్టి గొంతు కావల్ల. పసుపు చొక్కా అక్కర్లేదు.

రైతును తిట్టే పోస్టులు రాసేటోళ్లు నా గోడ మీదికి రావద్దు. ఒక్క రాత్రిలో ఎకరా శెనక్కాయ తవ్వి పోయిన పంది గుంపును చూసినోడే మాట్లాడల్ల. వ్యవసాయం లైను నుంచి దొంగ కరెంటు లాగి కంచెకు ఇచ్చేది మాత్రం మహాపాపం. అది పందినీ చూడదు, ఎలుగునూ చూడదు, తెల్లారుజామున నీళ్లు కట్టను పోయే పక్క చేను మనిషినీ చూడదు. అలాంటి తీగ కనపడితే కట్టెతో పొడిచి చూడద్దు, ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆపించల్ల. అంతదాకా తీగ దగ్గరికే పోవద్దు, తడి నేల అయితే మరీ.

పాము తొడుగుల సంగతి మర్చిపోతి. రక్తపింజరి, చిన్నపింజరి కాటేసేది శానావరకు మోకాలి కిందనే. తొడుగు ఉంటే కోర గుడ్డలో దిగి ఆగిపోతాది. లేకపోతే పది వయల్స్ (చిన్న సీసాలు) విషం విరుగుడు మందుతో మొదలు, అంతటితో ఆగుతాదని నమ్మకం లేదు. ఊర్లో ఇంకా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం ఉండాది. రెండూ చేటే. ఆసుపత్రిలో చేసే మొదటి పరీక్షకు కావల్సింది పొడి గాజు గొట్టం ఒకటే. రెండు మిల్లీలీటర్ల రక్తం దాంట్లో వేసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు, గడ్డ కట్టలేదంటే పింజరి విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టంలో వేస్తే లెక్క తప్పుతాది. ఎనిమిది జతల తొడుగులు ఆ నలభై చొక్కాల ఖర్చులో వచ్చేవో రావో గానీ, అడిగింది అవే గదా.

అసలు నా మంట చొక్కాలది కాదు. బ్యానరుది. ‘మా పరిశోధకుల బృందం’ అని కింద అచ్చేసినారు, ఫోటోలో నిలబడేది మాత్రం ఊరోళ్లు. ఇది ఈ రోజు పుట్టిన రోగం కాదు. కలివికోడిని 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాతలుండాయి, ఆపైన 86 ఏండ్లు జాడ లేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్దవటం పక్క రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ఎట్లా దొరికింది? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు చూపిస్తా ఊరూరా అడిగితే, స్థానిక వేటగాడు ఒకాయన రాత్రి టార్చిలైటు కంట్లో కొట్టి చేత్తో పట్టిచ్చినాడు. ప్రపంచానికి చచ్చిపోయిన పిట్ట ఆయనకు కలివి పొదల్లో తిరిగే కోడి. పేరు కూడా ఊరోళ్లు పెట్టుకున్నదే గదా! కానీ లోకమంతా పిలిచేది జెర్డాన్ అనే దొర పేరుతో, జెర్డాన్స్ కోర్సర్ అని. దొర పోయి నూరేండ్లు దాటినా పేరు పోలేదు, పట్టిచ్చినాయన పేరు ఎవుర్నన్నా అడిగి చూడండి.

తరవాత పద్ధతులొచ్చినాయి, మంచిదే. జల్లించిన సన్నమట్టిని అయిదు మీటర్ల పొడుగు, జానెడు వెడల్పు పట్టీగా పరిచి, చదును చేసి, తెల్లారి అడుగులు చదవడం. పిట్ట ఫోటో కన్నా ముందు దొరికేది ఆ అడుగే. కలివికోడికి మూడే వేళ్లు, వెనక వేలు లేదు. కౌజుకు వెనక వేలి గీత పడ్తాది. పసుపు తీతువుకు కూడా మూడే, అక్కడే కొత్తోళ్లు బోల్తా పడేది. మట్టి ముతకదైతే మూడు పిట్టల అడుగులూ ఒకటే మాదిరి కనపడ్తాయి. అందుకే జల్లెడ అడిగింది! కూత వినాలంటే పొద్దు మునిగిన ముప్పావు గంట నుంచి గంటా పది నిమిషాల మధ్య మొదలవుతాది, కొన్ని నిమిషాలే. ఆ టయానికి ఎవురన్నా జీపు హెడ్‌లైట్లు వేసుకోని ‘విజిట్’కు వచ్చినారంటే ఆ రాత్రి పోయినట్టే.

ఈ పిట్టకు అడవి దట్టమైపోయినా కష్టమే, బోడిగైనా కష్టమే. మనిషిని మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉండే తావుల్లోనే ఎక్కువ దొరికింది. అంటే మేకలు పూర్తిగా ఆపితే పొదలు కమ్మేస్తాయి, విచ్చలవిడిగా వదిలితే నేల బోడవుతాది. ఆ మధ్య లెక్క కాసేటోడు గొర్లకాపరి. ఆయన్ని మీటింగుకు పిలవరు. పిలిచినా వెనక వరసలో, టీ ఇచ్చి పంపుతారు. ఇట్లాంటిదే నంద్యాల జిల్లా రోళ్లపాడు కత. అక్కడ 1988లో 614 హెక్టార్లు బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం కేటాయించినారు. చుట్టూ కాలువ నీళ్లొచ్చి పైర్లు మారిపాయ. పిట్ట పాయ. కృష్ణజింకలు పెరిగి చేలో పడే. వన్యప్రాణి చట్టం కింద దాన్ని కొట్టకూడదు, కొట్టల్లని నేను అనడం లేదు, కానీ దాని మేత ఖర్చు ఎవురి చేను మీద రాస్తున్నారో ఒక బ్యానరు మీద అచ్చేయండి చూద్దాం.

ఫోటో పంపలేదు. పంపరు కూడా. బ్యాటరీలు రేపు కడపకు పోయి సొంత డబ్బుతో రెండు కెమెరాలకు సరిపడా తెచ్చుకుంటారంట, మిగతా పద్దెనిమిది కొట్టంలోనే. చొక్కాలు ఎవురికన్నా కావాలంటే చెప్పండి, నలభై ఉండాయి, అన్నీ డబులెక్సెల్లే.