రాసేది వేలమంది, విలువ కట్టేది పదిమంది

"రాసినవాళ్లకే డబ్బులిస్తాం" అని ఏ సోషల్ మీడియా వేదికైనా ప్రకటిస్తే చాలామందికి ఆశ పుడుతుంది, అందులో తప్పేమీ లేదు. ఇన్నేళ్లూ మన రాతలు, ఫొటోలు, వీడియోల పక్కన యాడ్స్ పెట్టి కంపెనీలు సంపాదించుకున్నాయి, మనకి లైకులు మిగిలాయి. వాటా అడగడం న్యాయమే. కానీ ఆ వాటా ఎవరికి ఎంత అన్నది ఎవరు తేలుస్తారు? ఈ ప్రశ్న అడిగేవాళ్లే కనిపించరు, నా కోపమంతా అక్కడే.

ఇది బాగా అర్థం కావాలంటే రాసినవాళ్లకి క్రిప్టోలో డబ్బులిచ్చే స్టీమిట్ అనే బ్లాగింగ్ సైట్ సంగతి తెలియాలి. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ 2016లో మొదలుపెట్టారు. పోస్టుకి అప్‌వోట్లు పడితే స్టీమ్ అనే క్రిప్టో కాయిన్లు వస్తాయి, వాటిని ఎక్స్ఛేంజ్‌లో అమ్ముకోవచ్చు. యాడ్స్ గొడవ లేదు, మధ్యలో కంపెనీ పెత్తనం లేదు అని చెప్పారు. అయితే అందరి ఓటూ ఒకటి కాదు. కాయిన్లని స్టీమ్ పవర్‌గా మార్చి లాక్ చేసి పెట్టుకుంటే ఆ పవర్‌ని బట్టి ఓటుకి బరువు వస్తుంది. మొదట్లో ఆ బరువుని పవర్ స్క్వేర్‌తో (పవర్‌ని పవర్‌తోనే గుణించి) లెక్కగట్టేవారు, అంటే నాకంటే వంద రెట్లు పవర్ ఉన్నవాడు ఒంటరిగా ఒక పోస్టుకి ఓటేస్తే ఆ ప్రభావం నా ఓటుకి పది వేల రెట్లు! ఒక రచన ఎలా ఉందో తేల్చడానికి ఇలాంటి లెక్క పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2017 జూన్‌లో దాన్ని మార్చి, ఎంత పవర్ ఉంటే అంత బరువు అన్నారు. కొంత మేలే. కానీ వెంటనే ఓట్లు అమ్మే బాట్లు, అంటే మనిషి లేకుండా వాటంతటవే ఓటేసే ప్రోగ్రాములు, ఊపందుకున్నాయి. బాట్‌కి కొంత సొమ్ము పంపితే అది మీ పోస్టుకి పెద్ద ఓటు వేస్తుంది, పోస్టు ట్రెండింగ్‌లోకి ఎక్కుతుంది. ఆ పోస్టు ఎవరైనా చదివారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పవర్ దండిగా ఉన్నవాళ్లు దాన్ని బాట్లకి అప్పిచ్చి, చదవకుండా రాయకుండా కూర్చుని వడ్డీ తిన్నట్టు తిన్నారు. అటుపక్క నిజంగా కూర్చుని రాసినవాడికి వచ్చేవి పైసలే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పంచే సొమ్ము అంతులేనిది కాదు, రోజుకి ఇంత అని ఒక కుండ ఉంటుంది. అందులోంచి ఒకడు తన పోస్టుకి తానే ఓటేసుకుని ఎక్కువ తోడుకుంటే మిగతావాళ్లందరికీ ఆ మేరకు తగ్గుతుంది. "వాడి డబ్బు, వాడిష్టం, నీకేంటి నష్టం" అనేవాళ్లు ఈ లెక్క చూడరు.

డబ్బుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఇలాంటి చోట మనుషులు మారిపోయే తీరు. పెద్ద ఖాతా ఉన్నాయన రెండు వాక్యాలు రాస్తే కింద వందల కామెంట్లు, అన్నీ "అద్భుతం సార్" రకమే. ఆయన రాసింది తప్పని తెలిసినా ఎవరూ నోరు విప్పరు. ఎందుకు విప్పుతారు? ఆయన ఒక్క డౌన్‌వోట్ (పోస్టుకి రావాల్సిన సొమ్ముని తగ్గించే ఓటు) కొడితే వారం కష్టం సున్నా అయిపోతుంది. తిరిగి ఆయనకి డౌన్‌వోట్ కొడదామంటే మన ఓటు ఆయనకి చీమ కుట్టినంత కూడా కాదు. పైగా పగ తీర్చుకోవడానికి ఆయన దగ్గర బాట్ కూడా ఉండొచ్చు. మామూలు సోషల్ మీడియాలో భజన చేస్తే పరువు పోతుంది, ఇక్కడ చేయకపోతే ఆదాయం పోతుంది. పొట్టకూటికోసం రాసేవాళ్లని ఇలా నోళ్లు కట్టేసి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పెద్ద ఖాతాలవాళ్లు పెట్టుబడి పెట్టారు కదా, రిస్క్ తీసుకున్నారు కదా అంటారు. సరే, ఆ రిస్క్‌కి ప్రతిఫలం కాయిన్ ధర పెరిగినప్పుడు వస్తుంది, రానివ్వండి. ఏ కథ బాగుంది, ఏ వ్యాసం నిజం చెప్పింది అని తేల్చే హక్కు కూడా దానికి ఉచితంగా ఎందుకు రావాలి? తలకో ఓటు పెడితే దొంగ ఖాతాలు పుట్టుకొస్తాయన్న వాదన మాత్రం నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ దొంగ ఖాతాల్ని ఆపడం కష్టమని పెత్తనమంతా ధనవంతుడి చేతికివ్వడం పరిష్కారం కాదు.

ఆ పెత్తనం ఎంత దూరం వెళ్తుందో 2020లో తేలిపోయింది. ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నాడు. కంపెనీ తొలిరోజుల్లోనే మైన్ చేసి (కొత్త కాయిన్లుగా పుట్టించుకుని) దాచుకున్న భారీ స్టీమ్ కూడా దానితోపాటే వచ్చింది. భయపడి విట్‌నెస్‌లు, అంటే పవర్ ఓట్లతో ఎన్నికై నెట్‌వర్క్ నడిపేవాళ్లు, ఆ సొమ్ముని స్తంభింపజేశారు. మార్చి మొదట్లో బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజ్‌లు సన్‌కి మద్దతుగా తమ దగ్గర జనం దాచుకున్న స్టీమ్‌తో ఓట్లేసి ఆ విట్‌నెస్‌లని దింపేశాయి. జనం సొమ్ముతో, జనాన్ని అడగకుండా! చివరికి చాలామంది విడిపోయి మార్చి 20న హైవ్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టుకున్నారు.

క్రిప్టో లేని చోట మాత్రం ఏముంది? యూట్యూబ్ 2018లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే యాడ్ డబ్బులంది. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విట్టర్) ముందు ప్రీమియం చందా కట్టాలి, పైగా 2024 చివర్లో లెక్కని ప్రీమియం సభ్యుల స్పందన మీదికి మార్చారు. అంటే చందా కట్టలేనివాడు రోజంతా మీ పోస్టులు చదివినా అతని చదువుకి విలువ లేదు. రూల్ మార్చేది కంపెనీ, తెల్లారేసరికి మారిపోయిందని తెలుసుకునేది మనం.

హైవ్‌కి పోయినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కొత్తగా చేర్చిన పవర్‌కి 30 రోజుల దాకా విట్‌నెస్‌ల ఎన్నిక లాంటి పాలన విషయాల్లో ఓటు ఉండదని వాళ్లు రూల్ పెట్టుకున్నారు, ఎక్స్ఛేంజ్‌ల హఠాత్తు దాడికి అది అడ్డమే. కానీ నాకు అసలు లొసుగుగా కనిపించేది ఇంకోటి. పైన కూర్చునే విట్‌నెస్‌లు 20 మంది, ఒక్కో ఖాతా 30 మందికి ఓటేయొచ్చు, 30 మందికీ పూర్తి బరువుతో పడుతుంది. అంటే మిగతావాళ్ల ఓట్లని మించేంత సొమ్మున్న ఒక్కడు, లేదా కూడబలుక్కున్న నలుగురైదుగురు, మొత్తం 20 కుర్చీలూ నింపేయగలరు. సన్‌కి పని తేలికైంది కూడా ఇందువల్లే. ఒక్కో ఖాతాకి ఐదు ఓట్లు చాలు, లేదంటే ఎంతమందికి ఓటేస్తే బరువు అంతమందికీ చీలిపోవాలి. దీనికి కొత్త టెక్నాలజీ ఏదీ కనిపెట్టక్కర్లేదు, ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒప్పుకుంటే చాలు.