నేలసంపెంగ దుంపలను పారేయకండి

లిల్లీ అనీ రజనీగంధ అనీ కూడా పిలుచుకునే నేలసంపెంగ గురించి ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. దుంప ఒక్కసారే పూస్తుంది కాబట్టి పూత అయిపోగానే పీకి పారేయాలట. నీడలో పెట్టి రోజూ తడపాలట. యూరియా వేస్తే విరగబూస్తుందట. వాసనకు పాములు వస్తాయి కనుక అసలు ఇంటి దగ్గరే వద్దట. ఇందులో నిజం ఒక్క ముక్కే. ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఆ ముక్కే.

ఒక దుంప ఒక్కసారే పూస్తుందన్న మాట నిజం. పూకాడ దుంప కొన నుంచే వస్తుంది, దాంతో ఆ దుంప ఎదుగుదల ముగిసిపోతుంది. అయితే అప్పటికే దాని చుట్టూ పిల్ల దుంపలు పుట్టి ఉంటాయి. తర్వాతి పూత వాటిదే. మొక్కను పీకి పారేస్తే రాబోయే పూలన్నీ పోయినట్టే. వాడిన కాడను మాత్రం మొదలు దగ్గర కోసి, ఆకులను పచ్చగా ఉన్నన్నాళ్లూ ఉంచండి. పిల్ల దుంపలకు బలం ఆ ఆకుల నుంచే అందుతుంది. రెండు మూడేళ్లకు కుదురు బాగా ఇరుకవుతుంది. అప్పుడు ఆకులు పండాక తవ్వి, దుంపలు విడదీసి, నీడలో ఆరబెట్టి, కొన్ని వారాలు విశ్రాంతినిచ్చి మళ్లీ నాటుకోవచ్చు. రెండు సెంటీమీటర్ల మందం దాటినవి నాటిన మూడు నాలుగు నెలల్లో పూతకొస్తాయి. గోలీలంత చిన్నవాటికి ఇంకొంత కాలం పడుతుంది, అంతమాత్రాన అవి పనికిరానివి కావు.

నీడ మాట పూర్తిగా తప్పు. ఇది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, ఎండ కావాలి. నీడలో ఆకులు సాగుతాయి, కాడ రాదు.

రోజూ తడపమనడం ఇంకా ప్రమాదం. దుంపలను 5 నుంచి 7 సెంటీమీటర్ల లోతున నాటి, ఒకసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా చేతిని అదుపులో పెట్టుకోవాలి. వేర్లు లేని దుంప తడి మట్టిలో కుళ్లిపోతుంది. ‘నాటాను, మొలవనే లేదు’ అని బాధపడేవారు ముందు తవ్వి చూడాల్సింది దీన్నే. ఆకులు వచ్చాక పైమట్టి ఆరినప్పుడల్లా నీళ్లు పోయండి. కాడ లేచే రోజుల్లో మాత్రం ఎండగట్టకూడదు.

యూరియాలో ఉండే పోషకం నత్రజని ఒక్కటే. అది మితిమీరితే ఆకు గుబురుగా పెరుగుతుంది, కాడలు మెత్తబడి వాలిపోతాయి. బాగా చివికిన పశువుల ఎరువుతో పాటు భాస్వరం, పొటాష్ కూడా అందాలి.

ఇక పాముల మాట. పాము నాలుక చాచి వాసన పట్టేది ఎలుకలు, కప్పల వంటి ఆహారం కోసం. పూలతో దానికి పనిలేదు. నేలసంపెంగ రాత్రిపూట ఎక్కువ పరిమళించేది చీకట్లో ఎగిరే రెక్కల పురుగుల కోసం, పరాగసంపర్కం జరగడానికి. పాము భయం ఉంటే తీసేయాల్సింది ఎలుకలు దాక్కునే చెత్తకుప్పలను, పూలకుదురును కాదు.