బస్సు ఎక్కలేకపోయినోళ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

కొంచెం పెద్ద పోస్టే, కానీ ఊళ్ల నుంచి రోజూ బస్సులో పోయేవాళ్లు చివరిదాకా చదవండి.

ఆర్టీసీ డిపోల్లో డయల్ యువర్ డీఎం (డీఎం అంటే డిపో మేనేజర్) అని ఒక ప్రోగ్రాం ఉంటది, పేపర్ల జిల్లా పేజీలో చిన్న ముక్క వేస్తారు, ఫలానా రోజు ఓ గంటసేపు ఈ నంబరుకి ఫోన్ చేసి మీ సమస్యలు చెప్పుకోండి అని. ఆలోచన మంచిదే. కానీ పత్తి ఏరడానికి పోయే అక్క, ఇంటర్ చదివే పిల్ల ఆ టైంకి చేనులోనో క్లాసులోనో ఉంటారు. రోజూ బస్సెక్కేది వాళ్లే కదా, వాళ్లనెవరు అడగాలి?

ఇంకో మాట. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఫ్రీ ప్రయాణం వచ్చింది కదా, తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైంది, ఆంధ్రాలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. ఆడవాళ్లు ఇంట్లో ఎవర్నీ చార్జీలకి అడక్కుండా టౌన్లో ఆసుపత్రికి పోయొస్తున్నారు, నాకైతే నిజంగా సంతోషం. జీరో టికెట్ కొట్టినా సరే ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు అన్నది కండక్టర్ టికెట్ కొట్టే టిమ్ మిషన్లో పడతది, అంటే డిపోలో డేటాకి కొదవ లేదు. కానీ ఆ మిషన్‌కి తెలిసేది ఎక్కినోళ్ల సంగతే. బస్సు ముందే కిక్కిరిసిపోయి, ఫుట్‌బోర్డు మీద పిల్లలు బ్యాగులు ముందుకేసుకుని వేలాడుతుంటే, స్టేజీ దగ్గర ఎంత చెయ్యెత్తినా ఆగకుండా పోతది చూడండి, అక్కడ మిగిలిపోయినోళ్లు ఏ రిపోర్టులోనూ ఉండరు. వాళ్లు షేర్ ఆటో ఎక్కుతారు, కొన్నాళ్లకి బస్సు కోసం చూడటమే మానేస్తారు. అప్పుడేమో కిలోమీటరుకి ఎంత వస్తోందని ఈపీకే లెక్క తీసి, ఈ రూట్లో డిమాండ్ లేదు, ట్రిప్పు తీసేయండి అంటారు! డిమాండ్ లేక కాదు సార్, ఉన్న డిమాండ్ మీ లెక్కలోకి రాలేదు.

ఈ సంగతి కండక్టర్లకి బాగా తెలుసు. ఏ స్టేజీలో ఎంతమంది మిగిలిపోతారు, సంత రోజు గంపలతో ఎవరు ఎక్కుతారు, కాలేజీ వదిలే టైంకి పది నిమిషాల ముందే బస్సు ఎట్లా వెళ్లిపోతది, అన్నీ చెప్తారు. డ్యూటీ దిగేటప్పుడు లెక్క అప్పజెప్పేచోటే ఒక రిజిస్టర్ పెట్టి, ఇయ్యాల ఏ స్టేజీలో జనాన్ని ఎక్కించుకోలేకపోయారో రాయమంటే చాలు. పెద్ద యాప్ ఏం అక్కర్లేదు.

బస్సులు తక్కువున్నాయి, డ్రైవర్లు చాలట్లేదు అంటారు, నిజమే, ఒప్పుకుంటా. కానీ అన్నిటికీ కొత్త బస్సు అక్కర్లేదు. బడి వదిలే టైం, ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే టైం కనుక్కుని ఉన్న ట్రిప్పునే కాస్త ముందుకో వెనక్కో జరిపితే సగం గొడవ తీరిపోతది. అది తెలియాలంటే డిపో నుంచి ఒక మనిషి పొద్దున పూట స్టేజీలో వచ్చి నిలబడాలి, గ్రామసభకి రావాలి, హైస్కూల్ హెడ్మాస్టర్‌తో మాట్లాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం, జవాబు చెప్పాలి. అర్జీ తీసుకుని పరిశీలిస్తాం అనేసి వదిలేస్తే రెండోసారి ఎవరు వస్తారు? ఏ ఊరు ఏం అడిగింది, ఏం చేశాం, ఏది కుదరలేదు, ఎందుకు కుదరలేదు, ఇవన్నీ బస్టాండ్లో టైం టేబుల్ పక్కనే కాగితం మీద అంటించండి. కుదరదని రాసినా పర్లేదు, కారణం తెలిస్తే జనం అర్థం చేసుకుంటారు.

మీ స్టేజీలో పొద్దున ఎంతమంది మిగిలిపోతున్నారో, ఏ టైం బస్సుకో, ఒక వారం రాసి పెట్టండి. సోమవారం ప్రజావాణిలో బస్సు కావాలి అని ఒక్క ముక్క అర్జీ ఇచ్చేకంటే ఆ కాగితం జతచేసి ఇద్దాం.