కొత్త పార్టీకి అసలు పరీక్ష ఓడిన మర్నాడే

ఆంధ్రలో కొత్త పార్టీ ఒకటి రావాలన్న మాట విదేశాల్లోని మన తెలుగు సంఘాల సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లం కలిసినప్పుడైతే మరీను. ఆ కోరికలోని నిజాయితీని నేను శంకించను. అయితే పార్టీ పుట్టడం మన దగ్గర ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఎ సెక్షన్ కింద ఎన్నికల సంఘానికి దరఖాస్తు పెట్టుకుంటే నమోదవుతుంది. అలా నమోదై ఒక్క సీటూ గెలవని పార్టీలు వందల్లో ఉన్నాయి. మొదటి ఓటమి తర్వాత కూడా ఆఫీసు తలుపులు తెరిచి ఉంచే పార్టీయే అరుదు. మనం మాట్లాడుకోవలసింది దాని గురించి.

దానికి మన జిల్లాల చరిత్రే చాలు. టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది వినోదరాయునిపాలెంలో. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది అలగానిపాడులో. ఇద్దరూ తాము పెరిగిన పార్టీని వదిలి కొత్త పార్టీకి ప్రాణం పోసినవాళ్లే. 1951లో కాంగ్రెస్‌ను వీడిన ప్రకాశం, ఆచార్య కృపలానీ నాయకత్వంలోని కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. పుట్టి ఏడాది నిండకముందే, 1952 ఎన్నికల్లో ఆ పార్టీ మద్రాసు శాసనసభలో 35 స్థానాలు గెలిచింది. అదే ఏడాది సోషలిస్టు పార్టీతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. 1953 అక్టోబర్ 1న కాంగ్రెస్ మద్దతుతో ప్రకాశం ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యేసరికి ఆ పార్టీతో ఆయన బంధం తెగిపోయింది. ఇక్కడ ఆ పార్టీకి ఊపిరి ఆయన పేరు. ఆ పేరు పక్కకు జరిగాక ఊళ్లలో దాన్ని మోసేవాళ్లు చాలినంతమంది లేకపోయారు.

సుందరయ్య దారి వేరు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడ్డాయి. 196 స్థానాల్లో దక్కినవి 15. ఇంకే పార్టీ అయినా ఆ దెబ్బకు చెల్లాచెదురయ్యేది. 1964లో చీలిక వచ్చి సీపీఎం ఏర్పడినప్పుడు ఆయన దాని తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ పార్టీ 1977 నుంచి 34 ఏళ్లపాటు పశ్చిమ బెంగాల్‌ను పాలించిన ప్రభుత్వానికి నాయకత్వం వహించింది. దాని సిద్ధాంతంతో నాకు పేచీలున్నాయి. మన జిల్లాల్లో ఈనాడు దానికున్న ఓట్లూ తక్కువే. అయినా నెల్లూరులో సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి పేరున ప్రజా వైద్యశాల నడుస్తూనే ఉంది. రైతు సంఘం, కూలీ సంఘం, ఆసుపత్రి, పత్రిక ఉన్న పార్టీకి సీట్లు పోయినా చేయడానికి పని మిగులుతుంది. ఆ పనే మనుషుల్ని కలిపి ఉంచుతుంది.

ఓట్లు రావడం, సీట్లు రావడం ఒకటి కాదన్న సంగతి కొత్త పార్టీ పెట్టేవాళ్లు ఆలస్యంగా గ్రహిస్తారు. బ్రిటన్‌లో 1981లో లేబర్ పార్టీ ప్రముఖులు నలుగురు బయటికి వచ్చి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. 1983 ఎన్నికల్లో లిబరళ్లతో కలిసి 25 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుంటే వచ్చిన సీట్లు 23. రెండు శాతం మాత్రమే ఎక్కువ తెచ్చుకున్న లేబర్‌కు 209. లేబర్ ఓట్లు గనుల ప్రాంతాల్లో, ఫ్యాక్టరీ పట్టణాల్లో గుట్టగా ఉన్నాయి. కొత్త కూటమి ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి. 2009లో మన ప్రజారాజ్యం అనుభవమూ ఇదే. 16 శాతానికి పైగా ఓట్లు వచ్చినా 294లో దక్కినవి 18 సీట్లు. 1988లో ఆ బ్రిటిష్ పార్టీ లిబరళ్లలో కలిసిపోయింది, 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. లక్షల మంది నమ్మి ఓటేసిన పార్టీ ఒకటి రెండు ఓటములతో మాయమైతే, మళ్లీ ఇంకెవరైనా నిజాయితీగా వచ్చినా జనం నమ్మడానికి జంకుతారు. నన్ను బాధపెట్టేది ఈ నష్టమే.

లేబర్ పార్టీకే తొలి రోజుల్లో ఏమంత బలం లేదు. 1900లో ఇద్దరే సభ్యులు గెలిచారు. 1906లో 29 మంది గెలవడం వెనుక లిబరళ్లతో లోపాయికారీ సర్దుబాటు ఉంది. సొంత ప్రధాని 1924లో వచ్చాడు. ఆ పాతికేళ్లూ పార్టీని నడిపింది కార్మిక సంఘాల చందాలు. మన దగ్గర 2014లో పుట్టిన జనసేన 2019లో ఒక్క సీటు గెలిచి, 2024లో పొత్తుతో పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. పొత్తును చిన్నచూపు చూడవలసిన పనిలేదు. ఆ గెలుపు తర్వాతి అయిదేళ్లలో మండల స్థాయిలో కమిటీలు లేచాయా లేదా అన్నదే చూడాలి. తెలుగుదేశం సంగతే తీసుకోండి. 1982 మార్చిలో పుట్టి 1983 జనవరిలో గద్దెనెక్కడాన్ని అందరూ చెప్పుకుంటారు. 1989లో 74 సీట్లకు పడిపోయి, 1994లో 216తో తిరిగి రావడాన్ని నేను అంతకన్నా పెద్ద విషయంగా చూస్తాను. మండల వ్యవస్థ వచ్చాక ఊరూరా పదవులు, వాటి వెంట స్థానిక నాయకులు తయారయ్యారు. ఓడిన ఆ అయిదేళ్లలో పార్టీని కాచింది వాళ్లే.

పార్టీగా మారని ఉద్యమాల గతి ఏమిటన్నది దూబగుంట చెబుతుంది. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరు నెల్లూరు జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం వాగ్దానంతో గెలిచి 1995 జనవరిలో అమలు చేశారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. అమెరికాలోనూ ఇటువంటి కథే ఉంది. అక్కడ 1869లోనే మద్య నిషేధం కోసం ఒక పార్టీ పుట్టింది. అది ఎన్నడూ అధికారానికి దరిదాపుల్లోకి రాలేదు. 1919లో రాజ్యాంగ సవరణ మాత్రం పెద్ద పార్టీల చేతుల మీదుగా జరిగింది, 1933లో రద్దయింది. పాత పార్టీలు కొత్తవాళ్ల సమస్యను ఎత్తుకుపోవడం ప్రజాస్వామ్యంలో సహజం, మంచిది కూడా. కానీ తాము తెచ్చిన చట్టానికి కాపలా కాసే బలం దూబగుంట ఆడవాళ్ల చేతిలో ఉండి ఉంటే, రెండేళ్లలోనే దాన్ని ఎత్తేయడం అంత తేలికయ్యేది కాదు.

ఆ బలం ఎక్కడ ఉంటుందో చూడాలంటే పోలింగ్ రోజున ఊరి బడిలోకి వెళ్లాలి. ఏడు గంటలకు ఓటింగ్ మొదలైతే అయిదున్నరకే నమూనా పోలింగ్. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని పార్టీల ఏజెంట్లు సంతకం పెట్టాలి. ఆపైన పొద్దంతా ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరూ టిక్కు పెట్టుకోవాలి. ఎవరు బెంగళూరు వెళ్లిపోయారో, ఎవరు చనిపోయారో ఏజెంటుకు తెలియాలి. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే 17-సి ఫారం నకలు తీసుకుని, యంత్రాలకు సీలు పడేదాకా కదలకూడదు. ఇటువంటి బూత్‌లు ఒక్కో నియోజకవర్గంలో రెండు వందలకు పైనే. ఓడిపోయిన మర్నాడు ఆ ఏజెంటుకు ఫోన్ చేసేవాళ్లు ఉన్నారా? టంగుటూరు పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు కొనేవాళ్లు లేక నో బిడ్ అయిన రోజున రైతు పక్కన నిలబడేది అతడేనా? ఉమ్మడి నెల్లూరు జిల్లాలో పదికి పది సీట్లూ 2019లో ఒక పార్టీకి, 2024లో మరో పార్టీకి వెళ్లాయి. 2024లో ఓడిన పార్టీకి రాష్ట్రంలో 11 సీట్లే వచ్చినా ఓట్లు 39 శాతం దాకా ఉన్నాయి. ఆ ఓట్లు నిలుస్తాయా లేదా అన్నది బూత్‌లలోని మనుషులను బట్టే తేలుతుంది.

చట్టం కూడా తోడుండాలి. జర్మనీ రాజ్యాంగం పార్టీల అంతర్గత వ్యవస్థ ప్రజాస్వామ్యబద్ధంగా ఉండాలని శాసిస్తుంది. జాతీయ ఎన్నికల్లో అర శాతం ఓట్లు దాటిన పార్టీకి ప్రభుత్వ నిధులు అందుతాయి. 1980లో పుట్టిన అక్కడి గ్రీన్ పార్టీ, 1990లో పశ్చిమ భాగంలో సీట్లు దక్కడానికి దాటవలసిన అయిదు శాతం ఓట్ల గీత దాటలేక జాతీయ సభలో సీట్లు పోగొట్టుకుంది. అయినా రాష్ట్రాల్లో పని ఆపలేదు. 1994లో తిరిగి వచ్చి, 1998లో ప్రభుత్వంలో చేరింది. మన దగ్గర రాజ్యాంగానికి కట్టుబడతామని నమోదప్పుడు ఇచ్చిన మాట తప్పిందన్న కారణంతో పార్టీ నమోదును రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. అలాంటప్పుడు సంస్థాగత ఎన్నికలు జరపని పార్టీని సంఘం ఏం చేయగలదు? ఈ లోటు పూడ్చడానికి పార్లమెంటు చట్టం చేయాలి.

ఇక మన వంతు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు భారతదేశంలో పార్టీలకు విరాళం ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు. ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎన్నికల ముందు ఇచ్చి, ఫలితాల తర్వాత మరిచిపోతారు. అది తిరగబడాలి. ఓడిన ఏడాది ఇచ్చే చిన్న చందా పార్టీకి ఎక్కువ మేలు చేస్తుంది. విరాళం ఇవ్వలేనివాళ్లు ప్రశ్న అడగవచ్చు. మన మహాసభలకు ఏ పార్టీ నాయకుడు వచ్చినా, పాత పార్టీ అయినా కొత్తదైనా, శాలువా కప్పాక మైకు ముందే అడుగుదాం: మీ మండల అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకున్నారు? సభ్యుల జాబితా ఎక్కడుంది? ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తారా? గత ఎన్నికల్లో మీకు కూర్చున్న బూత్ ఏజెంట్లలో ఇప్పటికీ ఎంతమంది మీతో ఉన్నారు?