తాగనివాళ్ల ఫ్యాటీ లివర్: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

నల్లగొండలో మెడికల్ షాపు నడుపుతాను. ఈ మధ్య కౌంటర్ మీదికి చీటీ కన్నా ముందు ఫోన్ వస్తోంది. అందులో కడుపు స్కానింగ్ రిపోర్టు, చివర "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అనే ముక్క, అంటే లివర్‌లో కొవ్వు కొద్దిగా పేరుకుందని. ఆ వెంటనే ఒక వాట్సాప్ ఫార్వర్డ్ చూపించి, "ఇది నిజమేనా అన్నా?" అని అడుగుతారు. దాంట్లో ఉన్నది ఇదీ: తాగనివాళ్లకు ఫ్యాటీ లివర్ వచ్చినా ఏమీ కాదు. లివర్‌లో కొవ్వు నూనె, నెయ్యి వల్లే చేరుతుంది, అవి మానేసి అన్నం, రొట్టె ఎంతైనా తినొచ్చు. డాక్టర్లు చెప్పే మెడిటరేనియన్ డైట్ (మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల తిండి) అంటే ఆలివ్ నూనె, చీజ్, వైన్, అది మనకు పడదు. బరువు తగ్గనప్పుడు నడిచినా దండగే. వారం రోజులు పరగడుపున బత్తాయి రసం తాగితే లివర్ కడిగినట్టయిపోతుంది.

తాగడం సంగతి ముందు చూద్దాం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి 2022లో లెక్క తీస్తే, పెద్దవాళ్లలో సుమారు 38 శాతం మందికి తాగుడుతో సంబంధం లేని ఫ్యాటీ లివర్ ఉన్నట్టు తేలింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల వివరాలు ప్రచురించారు, వాళ్లలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది. మన జిల్లా నుంచి పోయి అక్కడ కుర్చీలో కూర్చున్న పిల్లలు ఎంతమందో ఊహించుకోండి. ఇది వచ్చిన ప్రతివాడికీ లివర్ పాడైపోతుందని కాదు, చాలామందిలో కొవ్వు దశలోనే ఆగుతుంది. కొందరిలో మాత్రం వాపు మొదలై, మచ్చలు కట్టి, సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పనిచేయలేని దశ) దాకా పోతుంది. అసలు ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందిని చంపేది గుండెపోటు, గుండె జబ్బులే. కాబట్టి "ఏమీ కాదు" అనే మాట నిలబడదు.

"ఎస్‌జీపీటీ (లివర్‌కు చేసే రక్త పరీక్ష) నార్మలే వచ్చింది కదా" అనేవాళ్లూ ఉన్నారు. అది నార్మల్‌గా ఉన్నా లివర్‌లో కొవ్వు, మచ్చలు కూడా ఉండొచ్చు. ఇంట్లో టేపుంటే బొడ్డు దగ్గర నడుము కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) కూడా మన దేశంలో 25 దాటితే చాలు, స్థూలకాయం కిందే లెక్క. ఇక "మందు ముట్టను, కల్లు మాత్రమే" అనే పెద్దమనుషులకు ఒక్క మాట: కల్లులో ఉన్నదీ ఆల్కహాలే. పొట్టకు అది తోడైతే లివర్ ఇంకా త్వరగా దెబ్బతింటుంది.

నూనె మానేయమన్న సలహా దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది నమ్మేది దీన్నే. ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమంది స్థూలకాయుల మీద 2005లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు పెట్టి వెతికితే, 59 శాతం ఒంట్లో పేరుకున్న కొవ్వు కరిగి రక్తం ద్వారా చేరింది. 26 శాతం పిండిపదార్థాల నుంచి, చక్కెరల నుంచి లివర్ స్వయంగా తయారు చేసుకుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. అంటే నెయ్యి డబ్బా అటక మీద పెట్టి, రాత్రికి కంచం నిండా అన్నం, పప్పుచారు, పైన పెరుగన్నం తింటే ఒక తలుపు మూసి రెండు తలుపులు బార్లా తెరిచినట్టే.

మన దగ్గర ఆ కంచమే అసలు సమస్య. సాగర్ ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ, హాలియా పక్క మూడు పూటలా వరి అన్నమే అయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, 2000 కేలరీల తిండిలో రోజుకు ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు (వండకముందు), పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలి. మన ఇళ్లలో తూచి చూస్తే ఇది తలకిందులుగా ఉంటుంది: బియ్యం బారెడు, కూర చెంచాడు. జొన్న రొట్టెకు మారినవాళ్లదీ ఇదే తీరు. నాలుగు రొట్టెలు, నంజుకోవడానికి ఇంత ఎల్లిపాయ కారం. జొన్నలో పీచు ఎక్కువే, మంచిదే, కానీ నాలుగు రొట్టెల పిండి పిండే. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, గిన్నెడు కూర అయితే అప్పుడు సరైన తిండి.

మెడిటరేనియన్ డైట్ గురించి ఫార్వర్డ్ రాసినవాడికి సూపర్ మార్కెట్ బొమ్మే తెలుసు. దానికి పేరు తెచ్చింది 1950లు, 60లలో గ్రీసులోని క్రీట్ దీవి రైతులు. వాళ్లు తిన్నది పప్పుదినుసులు, పొట్టు తీయని ధాన్యం, ఆకుకూరలు, పండ్లు, గింజలు, అప్పుడప్పుడు చేపలు, ఎప్పుడో ఒకసారి మాంసం. ఆకుకూరల్లో ఒకటి మన గంగవాయిలి కూర. ఇక్కడ చేను గట్ల మీద కలుపని పీకి పారేసే ఆ మొక్కనే అక్కడ పెరుగుతోనూ సలాడ్‌లోనూ తింటారు. దాంట్లో ఒంటికి మేలు చేసే ఒమేగా-3 రకం కొవ్వు కూడా ఉంటుంది. వైన్ ఎవరూ మొదలుపెట్టనక్కర్లేదు, లివర్ జబ్బున్నవాళ్లకు అసలే వద్దు.

ఆలివ్ నూనె మంచిదే. కొనగలిగితే కొనండి. లేదంటే పాలమూరు, వనపర్తి, గద్వాల పక్క పండే పల్లీలు ఉండనే ఉన్నాయి. పల్లి నూనెలో దాదాపు సగం ఆలివ్‌లో ఉన్న రకం కొవ్వే. అయితే గానుగ నూనె కదా అని గరిటెలు వంపితే కుదరదు. పోషకాహార సంస్థ లెక్క మనిషికి రోజుకు 27 గ్రాములు, నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంటి నెల సామాను చీటీ ఒకసారి తీసి చూడండి. కందిపప్పు, పెసర్లు, ఉలవలు, అనుములు, డిండి, సాగర్ చేపలు, పుంటికూర: వీటిలో ఏదీ ఓడెక్కి రావాల్సిన పని లేదు.

ఇది పనిచేస్తుందా అంటే, ఆస్ట్రేలియాలో 2013లో 12 మందికి ఆరు వారాలు మెడిటరేనియన్ తిండి, ఇంకో ఆరు వారాలు కొవ్వు తక్కువ, పిండి ఎక్కువ ఉన్న తిండి పెట్టారు. బరువు పెద్దగా మారకుండానే మొదటి దాంతో లివర్ కొవ్వు 39 శాతం తగ్గింది, రెండో దాంతో 7 శాతమే. పన్నెండు మంది చాలా తక్కువ, ఒప్పుకుంటాను. అక్కడే 2018లో ఇంకొంచెం పెద్ద పరీక్షలో, జాగ్రత్తగా కూర్చిన తక్కువ కొవ్వు తిండి కూడా లివర్ విషయంలో దాదాపు సమానంగా పనిచేసింది. కానీ గుండెకు సంబంధించిన లెక్కల్లో మెడిటరేనియనే మెరుగు. చంపేది గుండె జబ్బే అని పైన చెప్పాను కాబట్టి నా ఓటు దానికే.

నడక దండగ అన్నది శుద్ధ తప్పు. 2009లో సిడ్నీలో స్థూలకాయులతో నాలుగు వారాలు సైకిల్ తొక్కించారు. బరువు తగ్గలేదు, లివర్ కొవ్వు మాత్రం 21 శాతం తగ్గింది. కండ పనిచేస్తే రక్తంలోని చక్కెరను అది లాక్కుంటుంది, ఇన్సులిన్ చెప్పిన మాట వింటుంది, లివర్ మీద భారం తగ్గుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. "మేం రైతులం, మాకు వేరే వ్యాయామమా?" అంటారు. కూలికి నాట్లేసే ఆడవాళ్ల విషయంలో ఆ మాట ఒప్పుకోవాల్సిందే. తక్కినవాళ్లం చేను దాకా బండి మీద పోతున్నాం, వరి హార్వెస్టర్ కోస్తోంది, మోటరు ఫోన్‌తోనే ఆన్ అవుతోంది.

బరువు తగ్గితే ఇంకా మంచిదన్నది నిజమే. క్యూబాలో 293 మందిని ఏడాదిపాటు చూసి 2015లో ప్రకటించిన ఫలితం ఇది: ఒంటి బరువులో పదో వంతు తగ్గించుకున్నవాళ్లలో 90 శాతం మందికి లివర్ వాపు పోయింది, 45 శాతం మందిలో మచ్చలు కూడా వెనక్కి తగ్గాయి. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు. నెలలో తగ్గాలని కడుపు మాడ్చుకోవద్దు, మరీ వేగంగా తగ్గినా లివర్‌కు చేటే.

బత్తాయి మన జిల్లా పంట, తినండి. కాయ ఒలిచి తింటే పీచూ దక్కుతుంది. రసం తీస్తే గ్లాసుకు మూడు నాలుగు కాయల చక్కెర ఒక్క గుక్కలో పోతుంది, బండి మీద తాగితే పైన ఇంకో చెంచా కూడా. అందులోని ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర) ఎక్కువగా లివర్‌కే చేరి కొవ్వు అవుతుంది. లివర్‌ను కడిగే రసం ఏదీ లేదు. నా షాపులో అరల నిండా ఉన్న లివర్ టానిక్కులకూ ఆ శక్తి లేదు, అడిగినవాళ్లకు అదే చెబుతున్నాను. అడగనివాళ్లు ఎలాగూ కొంటున్నారు.

ఆ ఫార్వర్డ్ చివర ఇంకో వాక్యం ఉంది, రసం తాగే వారం షుగర్ గోళీలు ఆపమని. అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. షుగరుండి ఫ్యాటీ లివర్ కూడా ఉన్నవాళ్లకే మచ్చలు కట్టే ముప్పు ఎక్కువ. వాళ్లు వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో వేసే, మచ్చల ముప్పు చెప్పే ఫిబ్-4 లెక్క గురించి డాక్టర్‌ను అడగాలి. అది 1.3 దాటితే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) అవసరమేమో ఆయనే చెబుతాడు.