రోకలికి మామిడాకు కట్టిన నాడు

హనుమకొండలో ఏ లగ్గపు ఇంటికి వెళ్లినా పసుపు దంచే రోజు కనిపించే దృశ్యం దాదాపు ఒకటే. రోలును, రోకళ్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, రోకళ్లకు మామిడాకులు కడతారు. ముత్తైదువలు పాట అందుకొని నాలుగు పోట్లు వేస్తారు. రోట్లో వేసిన కొమ్ములు సగం నలిగి, సగం పక్కకు చింది పడతాయి. అవి మెత్తటి పొడి కావాలని అక్కడ ఎవరూ ఎదురుచూడరు, ఎందుకంటే పెళ్లికి కావలసిన పసుపు అప్పటికే కిరాణా దుకాణం నుంచి ప్యాకెట్లలో వచ్చి వంటగదిలో ఉంటుంది. రోలు కూడా చాలా ఇళ్లలో సొంతానిది కాదు. పక్కింటి నుంచి దొర్లించుకొచ్చిందో, పందిరి సామానుతో పాటు అద్దెకు వచ్చిందో అయి ఉంటుంది.

ఒకటి రెండు తరాల కిందట ఇదే రోకలి ఇంటి పనిముట్టు. వడ్లు, కారం, పసుపు అన్నీ దానితోనే దంచేవారు. ఊళ్లోకి గిర్నీ వచ్చింది, తర్వాత ఇంట్లోకి మిక్సీ వచ్చింది, రోకలి అటక ఎక్కింది. అందుకు ఎవరూ పంచాంగం చూడలేదు, పెద్దల అనుమతి అడగలేదు, తప్పు చేశామని దండం పెట్టుకోలేదు. దేశానికంతటికీ చెందిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులు పసుపును ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగుపెట్టి యార్డుకు తెస్తారు. ఆ మొత్తం వ్యవహారంలో రోకలికి చోటు లేదు. అయినా ఆ ఊళ్లలోనూ బిడ్డ లగ్గం పెట్టుకున్న ఇల్లు రోకలి కోసం వెతుక్కోవలసిందే.

మతపరమైన ఆచారానికి, దినచర్యకు మధ్య తేడా ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఈ రోలు దగ్గరే దొరుకుతుందని నా అభిప్రాయం. దినచర్యలో మనం ఫలితాన్ని పట్టుకొని పద్ధతిని వదిలేస్తాం. ఆచారంలో పద్ధతిని పట్టుకుంటాం, కంటికి కనిపించే ఫలితం వచ్చినా రాకపోయినా పట్టించుకోం.

మామూలుగా వినిపించే జవాబులు వేరే ఉన్నాయి. శ్రద్ధ, భక్తి ఉంటే ఆచారమని, లేకుంటే అలవాటని చాలామంది అంటారు. ఇది నిలవదు. ఒక చేత్తో ఫోను చూసుకుంటూ నాలుగు నిమిషాల్లో దీపం వెలిగించి, అగరుబత్తి తిప్పి ఆఫీసుకు పరుగెత్తే ఉద్యోగి చేసింది పూజ కాదని ఆయన ఇంట్లోవాళ్లు కూడా అనరు. పాలు పొంగకుండా కన్నార్పక చూస్తూ చాయ్ పెట్టే మనిషి ఎంత శ్రద్ధ పెట్టినా అది చాయే. మళ్లీ మళ్లీ చేయడం గురించి అయితే చెప్పనే అక్కర్లేదు. రెండింటికీ అదే ప్రాణం. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లో లోకాన్ని పవిత్రం, లౌకికం అని రెండుగా విడదీసి, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవని వేర్వేరు లోకాలన్నాడు. ఆయన మాట చాలా చోట్ల పనికొస్తుంది గానీ, ఒకే రోకలి పొద్దున్న కారం దంచి మధ్యాహ్నం పసుపు కుంకుమలు పెట్టించుకునే మన ఇళ్లలో ఆ గోడ అంత గట్టిగా నిలబడదు.

ఈ ప్రశ్న మన దగ్గర కొత్తది కూడా కాదు. యజ్ఞం కోసం 'వడ్లను దంచాలి' అని వేదం చెప్పిన చిన్న వాక్యం చుట్టూ మీమాంసకులు, అంటే వేదం చెప్పిన విధుల అర్థాన్ని తర్కించిన పండితులు, పెద్ద చర్చే నడిపారు. పొట్టు పోవడమే కావలసింది అయితే గోళ్లతో ఒలిచినా పోతుంది కదా, మరి దంచమనే ఎందుకు చెప్పాలి? పొట్టు పోవడం కంటికి కనిపించే ఫలితం, దాన్ని వాళ్లు దృష్టమన్నారు. దంచే పొట్టు తీయాలన్న నియమాన్ని పాటించడం వల్ల కలిగేది మాత్రం కంటికి కనిపించదు, అది అదృష్టం. నేడు లాటరీ తగిలినవాడికి వాడే మాటకు అప్పట్లో ఇంత నిక్కచ్చి అర్థం ఉండేది. వాళ్ల వాదనలో నన్ను ఆకట్టుకునేది ఒకటే: ఒకే దంపుడులో పనీ ఉంది, విధీ ఉంది అని ఒప్పుకొని, గీతను పనికి బయట కాక పని లోపలే గీశారు.

కాజీపేటలో నమాజుకు ముందు కుళాయి దగ్గర కూర్చున్న మనిషిని చూసినా ఇదే తెలుస్తుంది. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తడి చేత్తో తల, చివరికి పాదాలు, ఇలా వజూకు, అంటే నమాజుకు ముందు చేసే శుద్ధికి, ఒక వరుస ఉంది. చూసేవారికి అది కాళ్లూ చేతులూ కడుక్కోవడమే. అయితే నీళ్లు దొరకని చోట శుభ్రమైన మట్టిని అరచేతులతో తాకి ముఖానికి, చేతులకు రాసుకొమ్మని అదే ధర్మం చెబుతుంది, దాన్ని తయమ్ముమ్ అంటారు. మురికి పోవడమే లక్ష్యమైతే మట్టి రాసుకోమనడంలో అర్థం ఉండేది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఆచారంలో కూడా ఒకదాని బదులు ఇంకొకటి వాడుతూనే ఉన్నాం కదా? వాడుతున్నాం, అయితే చెప్పి మరీ వాడతాం. పట్టుబట్ట లేని పూజారి రెండు అక్షింతలు వేసి, ఇవి వస్త్రానికి బదులని మంత్రంలోనే ఒప్పుకుంటాడు. వంటింట్లో చింతపండు అయిపోయి నిమ్మకాయ పిండిన ఇల్లాలు ఎవరికీ అలా విన్నవించుకోదు.

మేడారంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండేళ్లకోసారి మాఘ మాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే మొక్కుబడిదారు ముందుగా వేములవాడ రాజన్నను దర్శించుకోవాలనుకుంటాడు, దారిలో ములుగు దగ్గర గట్టమ్మ ముందు బండి ఆపుతాడు. దూరం లెక్క వేసుకుని సరుకు దించే లారీ డ్రైవరు ఈ వరుసను ఒప్పుకోడు. తులాభారం తూగిన బెల్లం ఆ క్షణం నుంచి 'బంగారం' అవుతుంది. దుకాణంలో దాన్ని తూచిన తక్కెడ మారలేదు, కిలోకు ఇచ్చిన ధరా మారలేదు. పాయసంలోకి బెల్లం లేకుంటే చక్కెర వేసే తల్లే గద్దె మీదికి చక్కెర తీసుకుపోదు. జాతర రోజుల్లో బెల్లం అమ్మకాల మీద కన్నేసి ఉంచే ఎక్సైజ్ శాఖకు మాత్రం అది గుడుంబాకు మళ్లగల బెల్లమే, ఆ శాఖ పని అది.

మానేసిన రోజున ఏం జరుగుతుందన్నది కూడా చూడాలి. చాయ్ తాగకపోతే తల నొస్తుంది, సాయంత్రం దీపం పెట్టకపోతే మనసులో ముల్లు దిగుతుంది. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేయడం రోజూ జరిగినన్నాళ్లు ఎవరి కంటికీ ఆనని పని. ఒక్కరోజు ముగ్గు లేకుంటే వీధి వీధంతా ఆ ఇంట్లో ఏం జరిగిందని అడుగుతుంది, ఎందుకంటే మనిషి పోయిన ఇంటి ముందు ముగ్గు పడదు. ముగ్గు ఆచారమో అలవాటో వేసే చేతికే తెలియకపోయినా, వేయని రోజు వాకిలి చెప్పేస్తుంది. అపార్టుమెంట్లలో గడప ముందు అంటిస్తున్న స్టిక్కరు ముగ్గుకు ఈ శక్తి లేదు. అది చావు రోజున కూడా అలాగే నవ్వుతూ ఉంటుంది.

పద్ధతిని మార్చకూడదన్న పట్టుదల అందరి మీదా సమానంగా పడదు కాబట్టే ఈ చర్చ పండితులకు వదిలేసేది కాదు. ఒక పని దినచర్యగా ఉన్నంత కాలం, ఎవరు చేయాలి, ఎందుకు చేయాలి అని అడగవచ్చు. భర్త కూడా ఊడవవచ్చు, మెషీను కూడా ఉతకవచ్చు. అది ఆచారం గీత లోపలికి రాగానే ఆ ప్రశ్న అపరాధమవుతుంది. తెల్లవారుజామున వాకిట్లో వంగిన నడుము ఇంటి లక్ష్మీకళ అవుతుందే తప్ప అది ఒక మనిషి నడుమన్న మాట ఎవరికీ గుర్తురాదు. గీత దాటనివ్వని చోట ఇదే పట్టుదల ఇంకా కటువుగా ఉంటుంది. పసుపు దంచడానికి చేతి బలంతో, అనుభవంతో పని లేదు, మెడలో పుస్తెలు ఉండాలి. భర్త పోయిన తల్లి ఇరవై ఏళ్లు అదే రోటిలో ఇంటిల్లిపాదికీ పసుపు, కారం దంచి ఉండవచ్చు. ఆ రోజుల్లో ఆమె చేయి అశుభమని తిన్నవాళ్లెవరూ అనలేదు. రోకలికి మామిడాకు కట్టిన నాడు మాత్రం ఆమె దాన్ని ముట్టుకోకూడదు. మీమాంసకులు ఒకే పనిలో చూసిన దృష్టం, అదృష్టం అన్న రెండు పొరల్లో మొదటిది ఆమెకు ఒప్పజెప్పి, రెండోది ఆమె నుంచి లాక్కున్నాం.

కిందటేడు మా వీధిలో జరిగిన ఒక లగ్గంలో పెళ్లికూతురి తల్లి అలాగే లోపలి గడప దగ్గర నిలబడి ఉంది. రోలు చుట్టూ ఉన్న ఐదుగురిలో ముగ్గురు అంతకుముందు రోకలి పట్టిన వాళ్లు కారు. రెండు రోకళ్లు ఒకేసారి దిగి, ఒకదానికొకటి తగిలి, కొమ్ము ఎగిరి వీడియో తీస్తున్న అబ్బాయి కాళ్ల దగ్గర పడింది. పాట ఆగింది. "ఒక్కసారే ఎయ్యొద్దు బిడ్డా, ఒకరిది లేసినంక ఒకరిది పడాలె" అని గడప అవతలి నుంచే ఆమె గొంతు వినిపించింది. వాళ్లు చేతులు సరిచేసుకున్నారు. రెండో పాట నుంచి పోట్లు వరుసలో పడ్డాయి.